తుంటి తిరిగే తీరు

మూడో అంతస్తు ఇల్లు,
వంటింటి బల్ల దగ్గర

తమ్ముడికి,

ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం అని రాయడం అలవాటు కాబట్టి రాస్తున్నాను. అందరం అంటే మీ బావా, నేనూ. అందులో క్షేమంగా ఉన్నది ఆయన.

నా కుడి తుంటి సంగతి నీకు తెలిసిందే. ఆపరేషన్ తరవాత కీలు చక్కగా కుదురుకుందని డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకి ఎత్తి చూపించి మురిసిపోతాడు. ఆ చక్కదనమంతా ఫిల్ములోనే ఉండిపోయింది. నేను పక్కకి తిరగాలంటే బీరువాని జరిపినట్టు మొత్తం మనిషిని జరపాలి. మెట్లు దిగాలంటే గోడకి మొహం పెట్టి ఎండ్రకాయలా అడ్డంగా దిగాలి. కాసిని మెట్లు దిగి, కాళ్ళు వణికి, మళ్ళీ పైకి వచ్చేస్తాను. వ్యాయామం నేర్పే అమ్మాయి నేను మనసు పెట్టడం లేదని కోప్పడి మానేసింది. మనసు పెట్టాను, తుంటే మాట వినలేదు.

కిందికి దిగాల్సిన అవసరం నీకేముంది, అన్నీ నేను తెస్తున్నానుగా అంటాడు మీ బావ. తెస్తాడు, కాదనను. నేను చెప్పింది కాకుండా తనకి తోచింది తెస్తాడు. ఒంటి సబ్బు అడిగితే, చవకగా వచ్చిందని బట్టల సబ్బు తెచ్చాడు. చెడ్డవాడు కాదు. చేతికి వచ్చింది తిరిగి ఇవ్వడం ఒక్కటే ఆయనకి చేతకాదు. పక్కింటివాళ్ళ నిచ్చెన ఇప్పటికీ మా బాల్కనీలోనే ఉంది.

నేను కోరేది పెద్దదేం కాదు. నా కాళ్ళ మీద నేను వీధిలోకి వెళ్ళి, నాకు నచ్చిన సబ్బు వాసన చూసి కొనుక్కోవాలి. అంతే. నువ్వు గోల్ఫ్ మైదానంలో రోజంతా ఊళ్ళోవాళ్ళ తుంటులు తిప్పించి బతుకుతున్నావు. సొంత అక్క తుంటికి ఒక ఉత్తరం రాయలేవా?

నీ అక్క


ప్రాక్టీసు మైదానం,
బంతుల గది

అక్కకి,

నీ ఉత్తరం చదివి మీ మరదలు నవ్వింది. బట్టల సబ్బు దగ్గర నవ్వడం మానేసింది.

గోల్ఫ్ చేతులతో ఆడే ఆట అని లోకం అనుకుంటుంది. చేతులు వెనక కూచుని వచ్చేవే. బండి నడిపేది తుంటి. ఆ తుంటి చేయాల్సిన పని తిరగడం, జరగడం కాదు. నా దగ్గర ఒక బ్యాంకు మేనేజరు నేర్చుకుంటున్నాడు. కర్ర ఎత్తాడంటే నిండు బస్సులో నిలబడ్డవాడిలా మొత్తం మనిషి పక్కకి ఊగుతాడు. బంతి ఎటు పోవాలో దానికే తెలియదు పాపం.

నువ్వు ఇలా చెయ్యి. గోడకి వీపు పెట్టి, మడమలు గోడకి కొంచెం ఎడంగా ఉంచి నిలబడు. మోకాళ్ళు సడలించి, కుర్చీలో కూచోబోయి మానుకున్నట్టు ముందుకి వంగు. పిరుదులు రెండూ గోడకి ఆనీ ఆననట్టు ఉండాలి. చేతుల్లో గొడుగు పట్టుకో. ఇప్పుడు ఛాతీతో పాటు కుడివైపుకి తిరుగుతూ పో. కుడి పిరుదు గోడని రాసుకుంటూ వెనక్కి వెళ్ళాలి. ఎడమది గోడని వదిలెయ్యాలి. బరువు కుడి మడమ లోపలి అంచు మీదికి వస్తుంది. బయటి అంచు మీదికి వచ్చిందంటే నువ్వు ఊగావన్నమాట, మేనేజరుగారికి తోడు దొరికిందన్నమాట.

ఇంత వివరంగా నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేదు. శిష్యులకైతే చేసి చూపిస్తాను. నీకోసం కళ్ళు మూసుకుని, నా తుంటిని లోపల్నించి చూసి, కనపడింది కనపడ్డట్టు రాశాను.

ఇంకో మాట. ఈ సీజను చివర క్లబ్బు కమిటీ పెద్ద కోచ్‌ని ఎంచుకుంటుంది. ఇల్లు కూడా ఇస్తారు. ముందు నా స్వింగ్, అదే కర్ర ఊపే తీరు, చూస్తారట. అందులో నాకు భయం లేదు. ఒళ్ళు తెలిసిన పని.

తమ్ముడు


ఇల్లు,
వెనక గది

తమ్ముడికి,

మీ బావ ఆఫీసుకి వెళ్ళాక నీ ఉత్తరం గోడకి గుచ్చి, గొడుగు పట్టుకుని నిలబడ్డాను. మొదట ఏమీ లేదు. ఒంగున్న ముసలమ్మని అద్దంలో చూసి సిగ్గేసింది. అద్దానికి తువ్వాలు కప్పేశాను.

మళ్ళీ చదివాను. పైకి చదవకుండా పెదాలతో చదివాను. ఆ తరవాత జరిగింది ఎలా చెప్పాలో తెలియడం లేదు. లోపల ఎవరో తాళంచెవి పెట్టి తిప్పినట్టు తుంటి తిరిగింది. నేను తిప్పలేదురా. నేను తిప్పుదామని అనుకునేలోపే అది వెళ్ళి, గోడని రాసుకుని, నిలబడింది. నొప్పి లేదు. ఎన్నో ఏళ్ళ అలవాటున్నదానిలా వెళ్ళింది. నాకే అలవాటు లేదు.

మధ్యాహ్నం దాకా చేస్తూనే ఉన్నాను. ఆకలి తెలియలేదు. అప్పుడు ఇంట్లో ఈల వినపడింది. కిటికీ లోంచి చూశాను, వీధిలో ఎవరూ లేరు. తీరా చూస్తే ఈల నా నోట్లోంచే వస్తోంది. నాకు ఈల రాదని నీకు తెలుసు. చిన్నప్పుడు నువ్వు ఎంత నేర్పినా ఉమ్మి తప్ప ఇంకేం రాలేదు.

ఇంకొకటి అడుగుతాను, నవ్వకు. గొడుగు ఎత్తే ముందు నా కుడి కాలి బొటనవేలు నేలని టకటకా తడుతోంది. నువ్వలా చేస్తావా? ఉత్తరంలో వెతికాను, ఎక్కడా లేదు.

సగం తిరుగుడే రాశావు. వెనక్కి వెళ్ళిన తుంటి ముందుకి రావద్దూ? తొందరగా రాయి. నిలబడ్డ చోటే ఉండిపోయేలా ఉన్నాను.

నీ అక్క


ప్రాక్టీసు మైదానం,
బంతుల గది

అక్కకి,

ఆలస్యమైంది. ఇక్కడ వానలు, శిష్యులు తక్కువ, ఒంట్లో కాస్త బద్ధకం.

ఈల సంగతి చదివి నవ్వాను. వేలు తట్టే సంగతి చదివి నవ్వలేదు. అది నాకు ఉందని నాకే తెలియదు. మీ మరదలిని అడిగితే, ఉండేది, ఈ మధ్య కనపడటం లేదు అంది. నీకు మొదటిసారి తిరిగింది ఏ పూట? నా ఉత్తరం అందిన రోజేనా? గుర్తుంటే రాయి. ఊరికే అడుగుతున్నాను.

ఇక రెండో సగం. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. కర్ర పైకి వెళ్ళాక చేతులతో కిందికి లాగుతారు. అలా కాదు. చేతులు ఇంకా పైనే ఉండగా ఎడమ తుంటి ముందు బయల్దేరాలి. బంతి వెళ్ళాల్సిన వైపు ఎవరికీ కనపడనంత కొంచెం జరిగి, వెంటనే వెనక్కి తిరిగి, ఎడమ పిరుదు గోడని తాకాలి. అప్పటిదాకా గోడ మీద ఉన్న కుడిది వదిలెయ్యాలి. రెండూ కలిసి గోడ వదిలి ముందుకి దూకితే పని చెడినట్టే. తుంటి దారి చూపిస్తే భుజం వస్తుంది, భుజం వెనక చేతులు వస్తాయి, చివర కర్ర వస్తుంది. ఒకదాని వెనక ఒకటి, వరస తప్పకుండా.

మెట్లు దిగడమూ ఇలాంటిదే అక్కా. పాదం కింది మెట్టుకి వెళ్ళేముందు తుంటి వెళ్ళాలి. అది ఒప్పుకుంటే పాదం దానంతట అదే వెళ్తుంది.

ఇది రాస్తుంటే చెయ్యి బరువెక్కింది. మధ్యలో రెండుసార్లు లేచి గదిలో నడిచాను. ఇంతకంటే ఏమీ లేదు.

తమ్ముడు


ఇల్లు,
వంటింటి బల్ల దగ్గర

తమ్ముడికి,

మెట్లు దిగాను.

ఆ ఒక్క మాట రాసి కాసేపు కలం పక్కన పెట్టేశాను. అడ్డంగా కాదు, గోడ పట్టుకుని కాదు. నిటారుగా, మొహం ముందుకి పెట్టి దిగాను. పాదం వేసే ముందు తుంటి వెళ్ళి మెట్టుని చూసుకుని వచ్చినట్టు ఉంది. కింద కూరగాయల దుకాణం ఆయన నన్ను కొత్తగా అద్దెకి దిగినవాళ్ళనుకుని ఏ ఇల్లమ్మా అని అడిగాడు. ఆ దుకాణం పైనే ఎన్నేళ్ళుగానో ఉన్నానని చెప్తే నమ్మలేదు. సబ్బు కొన్నాను. నాలుగు రకాలు వాసన చూసి, కావాలనే ఆలస్యం చేసి మరీ కొన్నాను.

మీ బావకి చెప్తే, ఒక్కదానివే వెళ్ళావా అని అడిగి, సబ్బు అటూ ఇటూ తిప్పి చూసి, ఎక్కువ పెట్టి కొన్నావన్నాడు. సాయంత్రం ఆ సబ్బుతోనే స్నానం చేశాడు.

సంతోషం సంగతి అయింది. ఇప్పుడు రెండోది. తిరిగి వస్తుంటే బట్టల దుకాణం అద్దాల తలుపులో నువ్వు కనపడ్డావు. ఎదురుగా నడిచి వస్తున్నావు. అదే నడక, ఎడమ భుజం కొంచెం వెనక్కి, అడుగు వేసే ముందు నడుములో ఆ చిన్న తూగు. వాడు ఇక్కడికి ఎప్పుడొచ్చాడా అని చెయ్యెత్తాను. అద్దంలోనూ చెయ్యి లేచింది. సబ్బు సంచి పట్టుకున్న చెయ్యి.

భయపడలేదు అంటే అబద్ధం. ఇంటికొచ్చి చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. లేస్తే ఎవరు నడుస్తారో అనిపించింది.

అయినా ఆపాలని లేదు. పైనుంచి కిందికి వచ్చిన తుంటి చివర ఎక్కడ ఆగాలో తెలియక, గొడుగు ఊపిన ప్రతిసారీ ముందుకి తూలుతున్నాను. ఆ ఆఖరు ముక్క కూడా రాసెయ్యి. నువ్వెలా ఉన్నావో మాత్రం రాయడం లేదేం? వానలు తగ్గాయా?

నీ అక్క


ప్రాక్టీసు మైదానం

అక్కకి,

నువ్వు సబ్బు కొనడం మీ మరదలికి చదివి వినిపించాను. మళ్ళీ చదవమంది.

ఆఖరు ముక్క. బంతి వెళ్ళిపోయాక కూడా తుంటి తిరుగుతూనే ఉండాలి. బొడ్డు బంతి వెళ్ళిన వైపు చూసేదాకా. బరువంతా ఎడమ కాలి మీదికి వచ్చేస్తుంది. కుడి మడమ గాల్లోకి లేచి, కాలి వేళ్ళు మాత్రం నేలకి ఆని ఉంటాయి. మోకాళ్ళు ఒకదాన్నొకటి పలకరించినట్టు దగ్గరికి వస్తాయి. అక్కడ ఆగాలి. ఎవరో ఫొటో తీస్తున్నట్టు నిలబడగలగాలి. తూలితే ముందెక్కడో తొందరపడ్డావన్నమాట.

ఇంక నా దగ్గర ఏమీ లేదు. నిజంగానే లేదు. నాకు థాంక్స్ అవీ రాయకు. నడువు.

తమ్ముడు


మైదానం వెనక ఇల్లు

వదినగారికి నమస్కారాలు.

మీ తమ్ముడు వద్దన్నా రాస్తున్నాను. ఆయన బంతులు ఏరించడానికి వెళ్ళారు. ఇప్పుడు చేస్తున్నది ఆ పనే.

నిన్న కమిటీవాళ్ళు వచ్చారు. ఆయన కర్ర పట్టుకుని బంతి ముందు నిలబడ్డారు. కర్ర ఎత్తారు. వదినా, పెళ్ళయినప్పటి నుంచి చూస్తున్నదాన్ని, ఆ మనిషి కర్ర ఎత్తితే గాలి కూడా దారిచ్చేది. నిన్న ఎత్తి, పైన అలాగే ఆగిపోయారు. తరవాత ఏం చేయాలో తెలియని కొత్తవాడిలా చూశారు. మొత్తం మనిషి చెక్కలా తిరిగి, బంతికి పైనుంచి కర్ర తిప్పి, ముందుకి పడ్డారు. ఆ బ్యాంకు మేనేజరే పరుగెత్తుకొచ్చి లేపాడు. కమిటీ పెద్దాయన మర్యాద తెలిసినవాడు, గడ్డి తడిగా ఉందన్నాడు. గడ్డి పొడిగానే ఉంది.

ఇది ఒక్కసారిగా రాలేదు. మీకు మొదటి ఉత్తరం రాసిన మర్నాడు కర్ర ఎత్తడం తడబడింది. రెండోది రాశాక దించడం పోయింది. మూడోది రాసి లేచినప్పుడు గుమ్మం పట్టుకున్నారు. ఇప్పుడు మెట్టు దిగాలంటే గోడకి మొహం పెట్టి అడ్డంగా దిగుతున్నారు. డాక్టరు ఫిల్ము తీసి ఎముక చాలా అందంగా ఉందన్నాడు.

మీరేం చేశారని అడగడం లేదు. మీరు ఇలాంటివి చేసే మనిషి కారు. కానీ ఉత్తరంలో ఏం పోయిందో మీకే తెలియాలి.

మీ మరదలు


ఇల్లు,
వెనక గది

తమ్ముడికి,

నా మరదలి ఉత్తరం అందింది. దాని మీద కోప్పడ్డావంటే ఊరుకోను.

ఒక్కొక్కటే చూద్దాం. ముందు నీ ఉత్తరాలు మూడూ ఇందులో తిప్పి పంపుతున్నాను. చదువుకో. నీది నీకు వచ్చేస్తే సరే సరి.

రాకపోతే, నేను అనుకుంటున్నది నిజమో కాదో తేల్చుకోవాలి. పోతే పోయిందనుకోదగ్గ పని ఒకటి నా దగ్గర ఉంది. నాలుగు మూలలా ఎలాస్టిక్ ఉన్న పరుపు దుప్పటి నేను మడిచినట్టు ఎవరూ మడవలేరు. నా మరదలు దాన్ని ఉండ చుట్టి బీరువాలో కుక్కుతుందని నాకు తెలుసు. నీలాగే కళ్ళు మూసుకుని, నా చేతుల్ని లోపల్నించి చూసి రాస్తున్నాను.

దుప్పటి తిరగేసి పట్టుకో. ఒక మూల సంచిలో కుడి చెయ్యి, పక్క మూలలో ఎడమ చెయ్యి దూర్చు. కుడి చేతిదాన్ని ఎడమ చేతి మీదికి టోపీ తొడిగినట్టు తొడుగు. కింద వేలాడే మూల అందుకుని దాని మీద తొడుగు. నాలుగోదీ అంతే. నాలుగు టోపీలూ ఒకే తల మీదికి వచ్చాక బల్ల మీద పరిచి, ఎలాస్టిక్ ఉన్న అంచులు లోపలికి మడిచి, చదరం చేసి, అరచేత్తో సాపు చెయ్యి.

రాశాను. లేచి వెళ్ళి దుప్పటి పట్టుకున్నాను. తమ్ముడూ, అది దేనికి వాడతారో మాత్రం తెలిసింది. మూలల్లో చేతులు పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. చివరికి ఉండ చుట్టి బీరువాలో కుక్కాను.

ఇప్పుడు నువ్వు మడిచి చూసి జవాబు రాయి.

నీ అక్క


బంతుల గది

అక్కకి,

దుప్పటి మడిచాను. చేతులు వాటంతట అవే వెళ్ళాయి. మీ మరదలు గుమ్మంలో నిలబడి చూసి, మా వదిన చేతులు అంది. ఆ పూట మా ఇద్దరికీ అన్నం సయించలేదు.

నా ఉత్తరాలు నాకు పనికిరాలేదు. ప్రతి మాటా నాదే, అర్థమూ అవుతోంది, ఒళ్ళు మాత్రం ఏమీ అనడం లేదు. ఒకసారి ఎవరో తాగేసిన గ్లాసు అది.

నాకు తెలిసినంత చెప్తాను. రాసి కలం కింద పెట్టగానే మన దగ్గర్నించి పోతుంది. అవతలివాళ్ళు చదివినప్పుడు వాళ్ళకి వస్తుంది. మధ్యలో ఎక్కడ ఉంటుందో తెలియదు. పోస్టు సంచిలో ఊరికే పడి ఉంటుందేమో.

రెండో ఉత్తరం రాయబోయే ముందే నాకు అనుమానం వచ్చింది. నువ్వు వేలు తట్టే సంగతి రాశావు చూడు, అప్పుడే. తెలిసే రాశాను. మూడోది ఇంకా బాగా తెలిసి రాశాను. ఇది త్యాగమని పెద్ద మాట అనకు. నాకు ఆట పోతుంది, నీకు మెట్లు వస్తాయి. పక్కపక్కన పెట్టి చూసుకున్నాను, అంతే.

పెద్ద కోచ్ పని వేరే ఆయనకి ఇచ్చారు. నాకు బంతుల గది ఉంది, కౌంటరు వెనక కుర్చీ ఉంది. మణికట్లూ భుజాలూ ఇంకా నావే. ఆ ముక్కలు మాత్రం పిల్లలకి కూచునే చూపిస్తున్నాను.

నువ్వు తిప్పి రాస్తావని నాకు తెలుసు. రాయకు. నేను నీకిచ్చింది ఆట. నువ్వు రాస్తే అందులో నీ నడక కూడా వచ్చేస్తుంది. రెండూ కలిసిపోయి ఉంటాయి ఇప్పటికి.

తమ్ముడు


ఇల్లు,
వెనక గది కుర్చీ

తమ్ముడికి,

ఇవాళ రెండు కవర్లు వేయిస్తున్నాను. సన్నది ఇది. ముందు ఇది చదువు. లావు కవరులో అంతా ఉంది. వెనక్కి తిరగడం, కిందికి రావడం, ఆగడం. దాచుకోకుండా రాశాను. నువ్వన్నట్టే ఏది నీదో ఏది నాదో విడదీయలేకపోయాను. అందుకని మొత్తం రాశాను.

పొద్దున్నే కూచుని మధ్యాహ్నానికి పూర్తి చేశాను. కలం కింద పెట్టి లేవబోయాను, లేవలేదు. ఎలా లేస్తారో గుర్తు రాలేదు. కాళ్ళు ఉన్నాయి, కదులుతున్నాయి, నొప్పి లేదు. నడుము దగ్గర్నించి కిందికి ఎవరూ లేని ఇల్లులా ఉంది. కుర్చీని నేల మీద ఈడ్చుకుంటూ తలుపు దాకా వచ్చి, పక్కింటి అమ్మాయిని పిలిచాను, కవర్లు తీసుకెళ్ళడానికి గుమ్మంలో నిలబడి ఉంది. బాధపడకు. వీధిలోకి వెళ్ళాను, సబ్బు కొన్నాను, కూరగాయలాయనతో బేరం ఆడాను. కావాల్సినంత తిరిగాను. నీకు ముందు ఇంకా బోలెడు జీవితం ఉంది, చెయ్యాల్సిన పని ఉంది.

నా దగ్గర లేదు, నీ దగ్గర లేదు. అది ఆ కవరులో ఉంది. దాన్ని అలా ఉండనివ్వకు. విప్పు.

నీ అక్క


బంతుల గది

అక్కకి,

విప్పలేదు.

లావు కవరు బల్ల మీద పెట్టుకుని కూచున్నాం, నేనూ మీ మరదలూ. బల్లకి ఆనించిన నా మోకాలు అదురుతూనే ఉంది. అదిరింది మోకాలు కాదు, బల్ల. మీ మరదలు కవరుని అలమరలో పెట్టి తాళం వేసింది. అలమర తలుపు ఒకటే కొట్టుకుంటోంది. దానికి బయటికి రావాలని ఉంది. ఎవరి దగ్గరికి రావాలో దానికి పట్టింపు ఉన్నట్టు లేదు.

అందుకే తిప్పి పంపేస్తున్నాను. పైన నా అడ్రసు కొట్టేసి పోస్టులో వేశాను, వెనక ఉన్న మీ ఇంటి అడ్రసుకి చేరిపోతుంది. నా ఉత్తరాలు నాకు పనికిరాకపోవడానికి కారణం, నువ్వు ముందే చదివేశావు కాబట్టి. దీన్ని ఇంకా ఎవరూ చదవలేదు. నువ్వే విప్పి, నువ్వే చదువుకో. నీకే వస్తుంది. నేను ఒట్టేసి చెప్తున్నాను.

ఇంకెవరి చేతికీ పోనివ్వకు. చదవగానే లేచి నిలబడి నాకు ఒక్క ముక్క రాయి. నిలబడ్డాను అని రాస్తే చాలు.

తమ్ముడు


ఇల్లు,
బాల్కనీ

బావమరిదికి,

ఆశీస్సులు. నేను ఉత్తరాలు రాసే మనిషిని కాదని నీకు తెలుసు. మీ అక్క రాయడం మానేసింది కాబట్టి రాస్తున్నాను. కలం పట్టుకోవాలంటే భయంగా ఉందట.

ఆ మధ్య ఒక లావు కవరు మా ఇంటికి తిరిగి వచ్చింది. పైన నీ అడ్రసు కొట్టేసి ఉంది. వెనక పంపినవారు అన్నచోట నా పేరు ఉంది. మీ అక్క ఏ కవరు మీదైనా అలాగే రాస్తుంది, ఇంటి తలుపు మీద ఉన్న పేరే వెనకా వేస్తుంది. నాకే వచ్చిందనుకున్నాను. ఆఫీసు నుంచి వస్తూ మెట్ల మొదట్లో నిలబడి విప్పి చదివాను. మీ అక్క దస్తూరీ గుండ్రంగా బాగుంటుంది, చదవడానికి హాయి. పైకి వచ్చి తాళం తీశాక తోచింది, రోజూ రెండో అంతస్తులో ఆగి ఆయాసం తీర్చుకునేవాణ్ణి, ఇవాళ ఆగలేదే అని.

మీ అక్క కుర్చీలో కూచుని ఉంది. నా మొహం చూడలేదు, నడుము చూసింది. "చదివేశారా?" అంది. చదివానన్నాను. కవరు తిప్పి పంపుతున్నానని నువ్వు రాసిన ఉత్తరం మర్నాడు వచ్చింది.

అప్పట్నించి ఒకటే మాట. "మీలో ఉన్నది ఉన్నట్టు రాసి నాకివ్వండి. నాకు ఇవ్వడం ఇష్టం లేకపోతే వాడికి పంపండి." కోపంగా అనదు. మంచినీళ్ళు అడిగినట్టు అడుగుతుంది. నేనూ కాదనలేదు. రాద్దామని కాగితం తీసి కూచున్నాను కూడా. బయట ఎండ బాగుంది. కాసేపు తిరిగి వచ్చాక రాద్దామనుకున్నాను.

నీకు చెప్తే అర్థమవుతుంది, ఆట తెలిసినవాడివి. నా జన్మలో నాకు ఏదీ సులువుగా రాలేదు. సైకిలు రాలేదు, ఈత రాలేదు. ఆఫీసులో నాకంటే వెనక చేరినవాళ్ళు ముందుకి పోయారు. ఇది మాత్రం వచ్చింది. ఇక్కడి క్లబ్బులో చేరాను. కర్ర పట్టుకుని నిలబడితే చుట్టుపక్కలవాళ్ళు తమ ఆట ఆపి చూస్తారు. ఆ యాభై దాటిన మనిషి నడుము చూడు అంటారు. నా గురించి ఎవరూ అలా అనగా నేను వినలేదు. చలి తగ్గాక రాస్తానని మీ అక్కకి చెప్పాను. చలి అంతగా లేదు అంది.

తనకి ఏ లోటూ లేదు. చక్రాల కుర్చీ మంచిది తెచ్చాను. కావాల్సినవన్నీ పైకి తెచ్చి ఇస్తున్నాను. నేను గదిలో నడుస్తుంటే మాత్రం కుర్చీ కిటికీ వైపు తిప్పించుకుంటుంది. ఎందుకంటే చెప్పదు. ఒకసారి మాత్రం నేను మెట్లు దిగుతున్న చప్పుడు విని, నిద్రలోంచి నీ పేరు పెట్టి పిలిచింది.

అసలు సంగతికి వస్తాను. నా నడుము చూసి ఇక్కడి కోచ్ ముచ్చటపడతాడు, మణికట్లు మాత్రం బిగుసుకుపోతున్నాయంటాడు. కర్ర దిగేటప్పుడు వాటి వంపు తొందరగా విడిపోతోందట. నీ మణికట్లు చాలా మంచివని, అవి ఇంకా నీ దగ్గరే ఉన్నాయని మీ అక్క మాటల్లో నోరు జారింది. ఇప్పుడు నువ్వు ఆడటం లేదు కదా. కౌంటరు వెనక కుర్చీలో వాటితో పనేముంటుంది?

తొందరేం లేదు. తీరిక ఉన్నప్పుడు, కళ్ళు మూసుకుని, కనపడింది కనపడ్డట్టు రాయి. నీ దగ్గర ఉంటాయో ఉండవో అని ఇందులో తెల్ల కాగితాలు కొన్ని పెట్టాను. కవరు కూడా పెట్టాను. స్టాంపు అంటించే ఉంది.

మీ బావ